మే నెల శిబిరానికి పిల్లల్ని పంపే ముందు

ఈ నెల మన పేటల్లో చాలా ఇండ్లకు ఒక కాగితం వచ్చింది. దహావి, బారావి పరీక్షలు అయిపోయిన పిల్లలకు మే నెలలో పది రోజుల శిబిరం. పొద్దున కవాతు, ఆటలు, చెరువు పూడిక తీసే శ్రమదానం, సాయంత్రం పాటలు, భాషణాలు. ఊరి బయట బడిలో మకాం. కాగితం కింద తల్లిదండ్రుల సంతకం పెట్టే గీత. ఆ గీత మీద సంతకం పెట్టాలా వద్దా అని నలుగురైదుగురు నన్ను అడిగిండ్రు. ఒక వదినమ్మ అయితే బీడీలు చుట్టే సూపు ఒళ్ళోనే పెట్టుకొని, "అన్నా, మే ఎండలో బిడ్డను పంపుమంటవా?" అని సూటిగా అడిగింది.

పంపండి. ఇంట్లో రేకుల కింద మొబైల్ పట్టుకొని పండుకునే దానికంటే పది రోజులు పదిమందితో ఉండి రావడం మంచిది. కాని పంపడం అంటే సంచి సర్ది బస్సు ఎక్కించడం కాదు. తయారు చేసి పంపాలె. ఆ తయారీ ఈ రోజే మొదలు పెట్టాలె, బస్సు ఎక్కే ముందురోజు కాదు. నేను డాక్టరును కాను, నాలుగు తరగతులు చదివినోణ్ణి. కాని ముప్ఫై యేండ్లు మిల్లులో మగ్గాల ఖాతాలో, ఆ తర్వాత సాంచాల షెడ్డులో పని చేసినోణ్ణి. వేడి అంటే ఏందో, అది మనిషిని ఎట్ల పట్టుకుంటదో మాకు బాగ తెలుసు. మిగతాది సివిల్ దవాఖానలో పెద్ద డాక్టర్లు చెప్పగా విన్నది, చదివి తెలుసుకున్నది.

ముందు వేడి సంగతి. మన ఇంట్లో మట్టి కుండ ఉంటది కదా. మే నెలలో నీళ్ళు చల్లగా ఎందుకు అయితయి? కుండకు చెమట పడుతది. లోపలి నీళ్ళు సన్నగా బయటికి ఊరి, గాలికి ఆరిపోతయి. ఆరేటప్పుడు వేడిని వెంట తీసుకొని పోతయి. మన ఒళ్ళు కూడా అదే కుండ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతది, కారినంత మాత్రాన కాదు. అందుకే వానాకాలంలో కుండ నీళ్ళు అంత చల్లగా కావు. ముంబయిలో ఉన్న మన చుట్టాల ఇంట్లో కుండ నీళ్ళు సోలాపూర్ కుండ నీళ్ళలాగ ఉండవు. గాలిలోనే తడి ఉన్నప్పుడు చెమట ఆరదు.

మగ్గాల ఖాతాలో పని చేసిన ప్రతి మనిషికి ఇది ఒంటికి తెలిసిన పాఠం. నూలు తెగకుండా ఉండాలంటే గాలిలో తడి ఉండాలె. కిటికీలు మూసి, పై నుండి సన్నని నీళ్ళ తుంపర వదిలేవాళ్ళు. నూటికి 75, 80 వరకు తేమ ఉంచేవాళ్ళు. నూలుకు సుఖం, మనిషికి కష్టం. గోడకు రెండు థర్మామీటర్లు పక్కపక్కన ఉండేవి, ఒకదాని అడుగున తడి గుడ్డ చుట్టి. రెండింటి లెక్కలో తేడా ఎక్కువ ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు. తేడా తక్కువ ఉంటే తేమ ఎక్కువ ఉన్నట్టు. పాత జాబర్లు పొద్దుగాల రాంగనే ముందు ఆ రెండు గాజు గొట్టాలు చూసేవాళ్ళు, తర్వాతే మనుషుల్ని చూసేవాళ్ళు.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, "ఇయ్యాల 38 డిగ్రీలే, మన సోలాపూర్‌లో 43 చూసినం, ఇది ఏం ఎండ" అని చాలామంది అంటరు. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో పెద్ద సభ జరిగింది. లక్షల మంది బయలు మైదానంలో గంటల తరబడి ఎండలో కూర్చున్నరు. ఆ రోజు అక్కడ ఎండ 38 డిగ్రీల చుట్టుపక్కలే. 14 మంది చనిపోయిండ్రు. సముద్రం పక్క ఊరు, గాలిలో తడి, తల మీద నీడ లేదు. అందుకని డిగ్రీల అంకె ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. శిబిరం చెరువు పక్కన, మబ్బు పట్టి ఉక్క పోస్తున్న రోజున, ఆకు కూడా కదలకుండా ఉంటే అది 43 డిగ్రీల పొడి ఎండ కంటే చెడ్డది కావచ్చు. మన మూలాలు ఉన్న ఊర్లల్లో 2015 మే నెల ఎట్ల గడిచిందో కరీంనగరం, నల్లగొండ వైపు చుట్టాలను అడగండి. ఆ ఒక్క ఎండాకాలంలో ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బతో పోయినరు.

ఇప్పుడు తయారీ.

నేను 1979లో బదిలీ కార్మికుడిగ చేరిన. పందొమ్మిది యేండ్ల వయసు, రాయి తింటే అరిగే ఒళ్ళు. అయినా మా జాబర్ మొదటి వారం నాకు నిండా పని ఇయ్యలే. మొదటి రోజు రెండు గంటలు మగ్గం దగ్గర, తర్వాత బయట వరండాలో బాబిన్లు ఏరే పని. రెండో రోజు ఇంకొంచెం. నాకు కోపం వచ్చేది, కూలి తక్కువ పడుతదని. ఆయన మాత్రం "ఒళ్ళు నేర్చుకోవాలెరా, నీ చేతులు నేర్చుకుంటే చాలదు" అనేటోడు. ఇప్పుడు బయటి దేశాల్లో కార్మికుల ఆరోగ్యం చూసే పెద్ద సంస్థలు రాసే లెక్క కూడా ఇదే. వేడిలో కొత్తగా చేరిన మనిషికి మొదటి రోజు అయిదో వంతు పని, రోజుకు ఇంకో అయిదో వంతు పెంచుకుంటూ అయిదో రోజుకు నిండా పని. వేడికి ఒళ్ళు పూర్తిగా అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతది. అలవాటు పడ్డ ఒంటికి చెమట తొందరగా మొదలయితది, ఎక్కువ పడుతది, ఆ చెమటలో ఉప్పు తక్కువ పోతది. వేడిలో పని చేసి పడిపోయిన వాళ్ళల్లో ఎక్కువ మంది మొదటి కొన్ని రోజుల్లోనే పడిపోతరు. పాతవాళ్ళు తక్కువ.

మన పిల్లల సంగతి చూడండి. పరీక్షలని రెండు నెలలు ఇల్లు కదలలే. ఫ్యాను కింద, కొంతమంది కూలరు ముందు. ఆ పిల్లగాణ్ణి తీసుకుపోయి మే నెలలో గడ్డపార చేతికిస్తే వాడి ఒళ్ళు బిత్తరపోతది. కాబట్టి ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజు సాయంత్రమే బయటికి పంపండి. మొదటి మూడు నాలుగు రోజులు సాయంత్రం అరగంట గబగబ నడక. తర్వాత ముప్పావు గంట, గంట, కొంచెం పరుగు, ఆట. పొద్దున తొమ్మిదికి కూరగాయల సంచి మోసుకొని నడిచి రమ్మనండి. చెమట పట్టాలె. నడి మధ్యాహ్నం మాత్రం వద్దు, అలవాటు పేరు మీద పిల్లల్ని కాల్చొద్దు. రెండు వారాలు ఇట్ల చేసి, చివరి వారం పెండ్లికని పోయి కూలరు ముందు పండుకుంటే చేసినదాంట్ల చాలా భాగం పోతది. అది కూడా గుర్తుంచుకోండి.

నీళ్ళ సంగతి అందరికీ తెలుసనే అనుకుంటరు. మన ఊర్లో నల్లా రోజూ రాదు, కొన్ని రోజులకు ఒకసారి వస్తది. అందుకని మన పిల్లలకు నీళ్ళు జాగ్రత్తగ వాడడం చిన్నప్పటి నుండి నేర్పినం. మంచిదే. కాని ఆ అలవాటే శిబిరంలో తాగే నీళ్ళ దగ్గర కూడా వస్తది. దాహం వేసినప్పుడు తాగుదాం అంటరు. ఎండలో పని చేసేటప్పుడు దాహం ఆలస్యంగ వచ్చే చుట్టం. అది వచ్చేసరికి ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి ఉంటయి. పని చేస్తున్నప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు, గుటక గుటకగా. అట్లని ఒకేసారి చెంబులకు చెంబులు ఎత్తి పోసుకోవద్దు. గంటకు లీటరున్నర దాటొద్దు. వట్టి నీళ్ళు అతిగా తాగినా రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, తలనొప్పి వస్తయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు.

సరిపోయినన్ని నీళ్ళు తాగినమా లేదా అని పిల్లలకు ఎట్ల తెలుస్తది? ఒంటేలు రంగు చూసుకోమనండి. నిమ్మకాయ నీళ్ళ రంగు ఉంటే బాగున్నట్టు. చాయ్ రంగు ఉంటే, లేక పొద్దటి నుండి మధ్యాహ్నం దాకా రానే రాకపోతే నీళ్ళు తక్కువయినట్టు. ఇది చెప్పడానికి సిగ్గుపడొద్దు, ఇంతకంటే అగ్గువ పరీక్ష ఇంకోటి లేదు.

ఆడపిల్లల తల్లులకు ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలె. శిబిరంలో ఆడపిల్లలు నీళ్ళు తాగరు. కావాలనే తాగరు. ఎందుకంటే పాయఖానా దూరం, గడియ ఉండదు, బకెట్ ఉండదు, చీకటయితే భయం. "తాగితే పోవాల్సి వస్తది" అని రోజంతా నాలుక తడుపుకొని ఊకుంటరు. బీడీ కార్ఖానాలో మన ఆడోళ్ళు కూడా ఇట్లనే చేస్తుండ్రని మా ఇంటామె నాకు చెప్పింది, యేండ్ల తరబడి మూత్రంలో మంటతో బాధపడ్డోళ్ళు ఎంతమందో. ఎండలో ఇది ఇంకా ప్రమాదం. కాబట్టి శిబిరం నడిపేవాళ్ళను ముందుగానే అడగండి. ఆడపిల్లలకు పాయఖానాలు ఎన్ని, లోపల గడియ ఉందా, రాత్రి దీపం ఉందా, తోడుగ ఆడ మనిషి ఎవరు ఉంటరు. ఒక్కరు అడిగితే తప్పించుకుంటరు, పదిమంది తల్లులు పోయి అడిగితే గడియ బిగిస్తరు. నెలసరి గుడ్డలు, ప్యాడ్లు బిడ్డ సంచిలో పెట్టండి, తేదీ కాకపోయినా పెట్టండి. ఊరు మారినప్పుడు తేదీలు కూడా మారుతయి.

ఏం తాగాలె? నీళ్ళు, ఉప్పు వేసిన సల్ల, నిమ్మకాయ నీళ్ళు, జొన్న అంబలి, మన మరాఠీ ఇరుగుపొరుగు చేసే మామిడికాయ పన్హా. ఇవన్నీ మంచియే. ఇంటి నుండి ఓఆర్ఎస్ పొట్లాలు ఒక ఆరేడు కొని ఇయ్యండి. సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తరు కూడా. పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్ళల్లో కలపాలె. సగం పొట్లం ఒక గ్లాసులో వేసి తాగేది కాదు. కలిపింది ఆ రోజుకే, మిగిలితే మరునాడు పారబోయాలె. పొట్లం లేకపోతే లీటరు మంచి నీళ్ళల్లో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా తల కొట్టి కొలవాలె, కుప్ప వేయొద్దు. ఉప్పు ఎక్కువయితే మేలు కంటే కీడు ఎక్కువ. రంగురంగుల డబ్బాల్లో ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మే తీపి నీళ్ళు ఉండేవి. 2025 అక్టోబరులో కేంద్ర సర్కారు ఆహార శాఖ ఆ పేరు వాడొద్దని కంపెనీలకు ఆదేశం ఇచ్చింది. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అని ఉందా లేదా పిల్లలతోనే చదివించండి. చదువుకున్న పిల్లలు ఇంకెందుకు ఉన్నరు? కోలాలు, ఎనర్జీ డ్రింకులు అసలే వద్దు. ఎనర్జీ అంటే బలం అనుకుంటున్నరు మన పోరగాండ్లు. దాంట్ల చక్కెర, చాయ్‌లో ఉండే లాంటి మందు, అంతే.

బండి మీది బరఫ్ గోళా గురించి నేను చెప్తే పిల్లలు నన్ను తిడుతరు. తిట్టనీయండి. ఆ మంచులో చాలా వరకు చేపలు, మందులు చల్లగ పెట్టడానికి చేసింది ఉంటది, తాగే నీళ్ళతో చేసింది కాదు. శిబిరంలో విరేచనాలు పట్టుకున్న పిల్లగానికి మరునాడు ఎండలో వడదెబ్బ తగలడం చాలా సులువు. ఒకదాని వెనక ఒకటి వస్తయి. తాగే నీళ్ళు కాచినవా, క్లోరిన్ వేసినవా అని అడగండి.

తిండి దగ్గర నాకు పెద్దగ భయం లేదు. కడక్ జొన్న రొట్టె, శెంగా చట్నీ మన సోలాపూర్ పిల్లలకు తల్లిపాల తర్వాత వచ్చిన తిండి. రెండూ పాడు కావు, సంచిలో వారం ఉంటయి. పొద్దున ఖాళీ కడుపుతో కవాతుకు నిలబడొద్దు, అంతే ముఖ్యం. రాత్రి మిగిలిన మటన్ పొద్దున తినొద్దు.

ఉల్లిగడ్డ మాట ఒకటి. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే ఎండ తగలదని మా అవ్వ కూడ పెట్టేది. ఉల్లిగడ్డను జొన్న రొట్టెతో తింటే కడుపుకు మంచిదే. జేబులో పెడితే జేబుకు వాసన వస్తది. జేబులో ఉల్లిగడ్డ ఉందన్న ధైర్యంతో టోపీ తీసేస్తే మాత్రం ప్రమాదం.

బట్టల సంగతి వస్తే నేను కొంచెం ఎక్కువ మాట్లాడుత, తప్పదు, బట్ట నేసి బతికినోణ్ణి. ప్రతి శిబిరంలో ఎవరో దాత టీషర్టులు ఇస్తరు. ముదురు రంగు, పాలిస్టర్ బట్ట, ఛాతి మీద అరచేయంత కాదు, తట్టంత రబ్బరు అచ్చు. ఆ అచ్చు కింద చెమట ఆరదు, కుండకు ప్లాస్టిక్ సంచి కట్టినట్టే. ఫోటో తీసేటప్పుడు వేసుకొమ్మనండి, పని చేసేటప్పుడు తీసేయమనండి. లేత రంగు నూలు చొక్కా, వదులుగా, నిండు చేతులది, ఒళ్ళు కప్పేది. మరీ జల్లెడ లాంటి పలచటి బట్ట గాలి ఆడుతది కాని ఎండ లోపలికి దిగుతది. చేతిని బట్ట వెనక పెట్టి సూర్యుని వైపు చూడండి, వేళ్ళు స్పష్టంగ కనపడితే ఆ బట్ట ఎండను ఆపదు. మామూలు తెల్ల పాప్లిన్ చాలు. మెడ వెనక కూడా కప్పే అంచు టోపీ, లేకపోతే తడిపి తలకు చుట్టుకునే పలచటి ఉపరణె. మన టెర్రీ టవల్ గొప్పదే, కాని తడిపితే బరువు, తొందరగ ఆరదు, తలకు కాదు, స్నానానికి ఇయ్యండి. ఇంక చద్దరు. సోలాపూర్ పిల్లలు చద్దరు లేకుండ పోతే మన పరువు ఏం కావాలె? ఒకటి పెట్టండి, పరుచుకోవడానికి. మే నెలలో కప్పుకునే పని పడదు.

కొత్త బూట్లు కొని శిబిరానికి తొడిగి పంపొద్దు. బొబ్బలు ఎక్కుతయి. పాతవే మంచివి.

ఇక అసలు భయం గురించి చెప్పాలె. వడదెబ్బను గుర్తుపట్టడం.

మిల్లు మూతపడ్డ తర్వాత నేను ఒక సాంచాల షెడ్డులో పని చేసిన. పెండ్లిళ్ళ కాలం, టవళ్ళ ఆర్డరు ఎక్కువ. పైన రేకులు, కింద మోటార్లు. పద్దెనిమిది యేండ్ల పిల్లగాడు ఒకడు పల్లె నుండి కొత్తగా వచ్చిండు. మాలకు (యజమాని) వాణ్ణి మొదటి రోజు నుండే రెండు పాళీలు నిలబెట్టిండు. మూడో రోజు నేను రెండో పాళీకి పోయేసరికి వాడు గోడ పక్కన పడి ఉన్నడు. అడిగితే "తాగి వచ్చిండు, ఏదేదో వాగుతున్నడు, పడుకోనీ" అన్నరు. వాడు తూలిండట, ఎవర్నో తిట్టిండట, ఊరికి బస్సు ఎప్పుడని సాంచానే అడిగిండట. నోరు వాసన చూస్తే ఏం లేదు. ఒళ్ళు ముట్టుకుంటే పెనం. కండెలు చుట్టే ముసలవ్వ ఒకామె అందర్నీ తోసి, కుండ ఎత్తి కుండ నీళ్ళన్నీ వాడి మీద పోసింది. చొక్కా విప్పించి, ఇంకో బిందె తెప్పించి పోసింది, టవళ్ళ తానుతోనే విసరమంది. తర్వాత రిక్షాలో దవాఖానకు తీసుకపోయినం. బతికిండు. చల్లగ చేసి తెచ్చిండ్రు గనుక దక్కిండు అని అక్కడి డాక్టరు అన్నడు. ఖరాబయిన తాను డబ్బులు మాలకు మా కూలిలో కోసుకున్నడు, అది వేరే కథ.

తూలడం, పిచ్చి మాటలు, ఉన్నట్టుండి కోపం, ఎక్కడ ఉన్నడో తెలియకపోవడం, ఫిట్స్ రావడం, స్పృహ తప్పడం. ఎండలో ఇవి కనపడితే వేరే ఆలోచన వద్దు, వడదెబ్బే అనుకోవాలె. ఒళ్ళు 104 డిగ్రీలు దాటి ఉంటది. "చెమట పడుతుంది కదా, వడదెబ్బ కాదు" అని కొందరు అంటరు, అది తప్పు. పరిగెత్తి, పని చేసి పడిపోయిన పిల్లలకు చెమట పడుతూనే వడదెబ్బ ఉండవచ్చు. వెంటనే నీడకు తేవాలె, బట్టలు వదులు చేసి తీయాలె, ఒళ్ళంత నీళ్ళు పోసి విసరాలె, మంచు ఉంటే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టాలె. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలె. బండి వచ్చేదాక నీళ్ళు పోయడం ఆపొద్దు. స్పృహ సరిగ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతయి. జ్వరం గోళీ ఇయ్యొద్దు, ఈ వేడి దానికి తగ్గదు.

దీనికి ముందు మెట్టు ఒకటి ఉంటది. తల తిరుగుడు, తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, పిక్కలు పట్టుకోవడం, మొహం పాలిపోవడం, విపరీతంగ చెమట. మాట మాత్రం తెలివిగానే ఉంటది. అప్పుడే నీడన పండుకోబెట్టి, కాళ్ళు కొంచెం ఎత్తు పెట్టి, ఓఆర్ఎస్ గుటక గుటక తాగించి, తడి గుడ్డతో తుడిస్తే చాలావరకు గంటలోపల తేరుకుంటరు. తేరుకోకపోతే, వాంతులు ఆగకపోతే దవాఖానకే. తేరుకున్నా ఆ రోజు మళ్ళీ ఎండలోకి పంపొద్దు. కవాతులో కదలకుండ నిలబడి దబ్బున పడిపోయే పిల్లలు వేరు, కాళ్ళల్లో రక్తం నిలిచి అట్ల అయితది. నిలబడ్డప్పుడు మోకాళ్ళు బిగించకుండ, వేళ్ళు కదిలిస్తూ ఉండమని చెప్పండి.

పిల్లలు ఈ ముందు మెట్టు దగ్గర నోరు తెరవరు. నా భయం అంతా అక్కడనే. మగపిల్లలు మరీ. నలుగురిలో "నాకు బాగలేదు" అంటే ఆడదానివా అని నవ్వుతరు, ముందు నిలబడ్డ సార్ "మన బాపులు మిల్లుల్లో ఎట్ల పని చేసిండ్రురా" అని మనల్నే ఉదాహరణ చూపిస్తడు. మనం ఎట్ల పని చేసినమో మనకు తెలుసు. మగ్గాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు, పెదవులు చూసి మాట తెలుసుకునేవాళ్ళం. పక్క మగ్గం మనిషి మొహం రంగు మారితే మనకు ముందు కనపడేది. రెండు వేళ్ళు చూపిస్తే నీళ్ళకు పొమ్మని, వాని మగ్గాలు కూడ మనమే చూసేవాళ్ళం. ఓర్చుకొని కాదు, ఒకర్నొకరు చూసుకొని పని చేసినం. కాబట్టి శిబిరంలో ప్రతి పిల్లకు, పిల్లగానికి ఒక జోడి పెట్టమని నడిపేవాళ్ళకు చెప్పండి. గంటకోసారి ఒకరి మొహం ఒకరు చూడాలె, నీళ్ళు తాగినవా అని అడగాలె, మాట తేడాగ ఉంటే పెద్దవాళ్ళకు చెప్పాలె. ఇంట్లో కూడ బిడ్డను కూర్చోబెట్టి, బాగలేనప్పుడు చెప్పడం పిరికితనం కాదని మీ నోటితో చెప్పండి. తండ్రి చెప్తే ఇంకా మంచిది.

నడిపేవాళ్ళను అడగవలసినవి ఇంకొన్ని ఉన్నయి. శ్రమదానం పొద్దున తొమ్మిదిన్నర లోపల అయిపోవాలె, పదకొండు నుండి నాలుగు దాక నీడలో ఉండాలె. మొదటి మూడు రోజులు సగం పనే ఇయ్యాలె. రాత్రి రేకుల గదిలో పండుకోబెడుతరా, చెట్ల కింద, మాడి మీద పండుకోబెడుతరా? రేకుల కింద రాత్రంత వేడి దిగదు, నిద్ర లేని ఒళ్ళు మరునాడు ఎండకు తొందరగ లొంగుతది. దగ్గరి సర్కారు దవాఖాన ఎంత దూరం, రాత్రి పూట బండి ఉంటదా? ఇవి అడిగితే మనల్ని ఎదురు మాట్లాడేవాళ్ళు అనరు. అన్నా పరవాలేదు.

కొందరు పిల్లల్ని ఈసారి ఆపాలె. పోయే ముందు వారంలో జ్వరం, విరేచనాలు అయిన పిల్లలు పోవద్దు. ఇంతకుముందు వడదెబ్బ తగిలిన పిల్లల్ని, ఫిట్స్, దమ్ము, చక్కెర, గుండె జబ్బు ఉన్న పిల్లల్ని వాళ్ళ డాక్టరుకు చూపించి అడగండి. పోవచ్చు అంటే మందులు లెక్క పెట్టి, రెండు రోజులవి ఎక్కువ పెట్టి పంపండి. బాగా ఒళ్ళు ఉన్న పిల్లలకు అలవాటు ఇంకొంచెం మెల్లగ చేయించండి, పోవద్దని కాదు. జలుబుకు, అలర్జీకి వేసే కొన్ని గోళీలు చెమటను తగ్గిస్తయి, వాడుతుంటే డాక్టరుకు ఆ మాట కూడ చెప్పండి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి బిడ్డ చొక్కా జేబులో ఒకటి, శిబిరం వాళ్ళ దగ్గర ఒకటి ఉంచాలె. పేరు, వయసు, ఏ జబ్బు, ఏ మందు ఎన్ని పూటలు, ఏది పడదు, ఇంటి ఫోన్ నంబరు, పక్కింటి నంబరు. అక్కడి డాక్టరుకు తెలుగు రాదు, అందుకని మరాఠీలో రాయాలె. రాయడం రాని తల్లులు ఆదివారం పొద్దున వాచనాలయానికి రండి. పొద్దున ఎనిమిది నుండి నేను, బారావి చదివిన ఇద్దరు పిల్లలు కూర్చొని ఉంటం. మందుల డబ్బాలు, పాత చీటీలు వెంట తీసుకొని రండి, పేర్లు చూసి రాస్తం.